బోణీ కాని కొట్టు

తాడు అమ్మేవాడు ఎవరినీ మాటలతో నమ్మించనక్కర్లేదు. కొన్నవాడు ఇంటికెళ్ళి లాగి చూసుకుంటాడు. తెగితే తిట్టడానికి వస్తాడు, తెగకపోతే ఇంకోటి కొనడానికి వస్తాడు. ఎలాగూ వచ్చేవాడే కాబట్టి వాడి కోసం గొంతు చించుకోవడం దండగ. ఇది మానేపల్లి గున్నేశ్వరరావు తాతగారి సిద్ధాంతం. దాని మీదే తాడేపల్లిగూడెం మార్కెట్ వీధిలో వాళ్ళ తాళ్ళ కొట్టు మూడు తరాలుగా నడుస్తోంది. పురికొస, కొబ్బరితాడు, నవారు, గోనెసంచులు, వాటిని కుట్టే దబ్బనాలు, ధాన్యం మీద కప్పే బరకాలు. సరుకు అంతే. ఏడాదికి రెండు కోతలు. కోతల్లో అమ్మింది మిగతా ఏడాదంతా తినాలి. కోతల్లో అమ్మకపోతే మిగతా ఏడాదంతా బరకాలు లెక్కపెట్టుకోవాలి.

ఇలాంటి కొట్టుకి రాజధానిలో ఒక మండలితో సంబంధం కలుస్తుందని ఎవరూ అనుకోరు. కలిసింది.

ఆ మండలి పేరు అంకుర సంస్థల చిరస్థాయి నాయకత్వ మండలి. జనం స్టార్టప్ అనేదాన్ని ప్రభుత్వం అంకుర సంస్థ అంటుంది. అవి నిలదొక్కుకునేలా వాటి యజమానులకి నాయకత్వం నేర్పడం మండలి పని. పనిలో ఒక చిక్కుంది. రెండేళ్ళకే మూతపడిన సంస్థ మండలికి అప్రతిష్ఠ. పదేళ్ళు నిలబడిన సంస్థ నిబంధనల ప్రకారం అంకురమే కాదు, మండలి చేతిలోంచి జారిపోతుంది. అంటే మండలి పని ఎంత బాగా చేస్తే మండలికి అంత పని ఉండదు. ఏ కార్యాలయానికైనా ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బే. అందుచేత కలకాలం నిలుస్తూ, కలకాలం మొదలవుతూనే ఉండే సంస్థ ఎక్కడైనా ఉందా అని వెతుక్కుంటూ మండలి సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు జిల్లాల మీద పడ్డారు. పడుతూ పడుతూ ఒక ఉదయం గూడెంలో తాళ్ళ కొట్టు ముందు దిగారు.

గున్నేశ్వరరావు అప్పుడే షట్టరెత్తి, గల్లాపెట్టెకి కుంకుమ బొట్టు పెట్టి కూర్చున్నాడు.

"మూడు తరాలుగా మనుగడ సాగించుటలో మీ నాయకత్వ రహస్యం ఏమిటి?" అని అడిగారు పరాంకుశం గారు. ఆయన మామూలు మాట కూడా ఉత్తర్వు చదివినట్టే మాట్లాడతారు.

"రహస్యం ఏముందండీ. తాడు తెగకూడదు."

"అది ఉత్పత్తి నాణ్యత. నేను దార్శనికత గురించి అడుగుచున్నాను."

"అప్పివ్వమండి."

"అది ఆర్థిక క్రమశిక్షణ. ఇంకా లోతునకు వెళ్ళండి."

ఇంకా లోతుకి వెళ్ళడానికి కొట్టులో చోటు లేదు. పైగా పొద్దున్నే ఒక్క బేరమూ కాకుండా ఈ ఉత్త కబుర్లు గున్నేశ్వరరావుకి మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నాయి. "కాసేపాగి రండి సార్. ఇంకా బోణీ అవ్వలేదు," అన్నాడు.

"బోణీ అనగా?"

"మొదటి బేరమండి. అది మంచి చేత్తో అయితే రోజంతా బాగుంటుంది. మా కొట్లో తాయారు చెయ్యాలి. పూలమ్ముతుంది. మాల కట్టే దారం ఉండ ఒకటి రోజూ మా దగ్గరే కొంటుంది."

"రోజూనా?"

"రోజూనండి. బోణీ అంటే రోజూ కొత్తగా మొదలే కదండీ."

ఆ మాటకి పరాంకుశం గారు నిలబడ్డచోటే ఉండిపోయారు. అంతలో పూలబుట్ట చంకన పెట్టుకుని తాయారు రానే వచ్చింది. దారం ఉండ తీసుకుని, నాణెం గున్నేశ్వరరావు చేతిలో పెట్టి, "ఏంటి బాబుగారూ, పొద్దున్నే ఇంకంటాక్సోళ్ళా?" అని గుసగుసగా అడిగి పోయింది. గున్నేశ్వరరావు నాణేన్ని కళ్ళకద్దుకుని గల్లాలో వేశాడు. పరాంకుశం గారి ఫోను ఆ దృశ్యాన్ని మూడు కోణాల్లో తీసింది.

"అద్భుతం! ప్రతి ఉదయం మొదలయ్యే సంస్థ ప్రతి ఉదయం అంకురమే. ఎన్ని తరాలు నిలిచినా అంకురమే. ఇది నిత్యారంభం!"

ఆయన కారెక్కాక గున్నేశ్వరరావు లెక్క చూసుకున్నాడు. రెండు టీలు పోయాయి. బదులుగా ఒక పొగడ్త వచ్చింది. పొగడ్తకి బజార్లో ధర లేదు గానీ, టీలు ఎటూ ఇవ్వాల్సినవే. సరిపోయింది అనుకున్నాడు.

సరిపోలేదు. నెల తిరక్కుండా రాజధాని నుంచి పిలుపొచ్చింది. యువ పారిశ్రామికవేత్తలకి పాఠం చెప్పాలట. ఏసీ గదిలో పాతికమంది కుర్రాళ్ళూ అమ్మాయిలూ కూర్చుని ఉన్నారు. గున్నేశ్వరరావుకి శాలువా కప్పారు. ఆయన దాని అంచు వేళ్ళతో నలిపి, దారం పీలగా ఉందని గ్రహించి, మర్యాదకి ఊరుకున్నాడు.

పాఠం పరాంకుశం గారే చెప్పారు. "నాయకత్వపు మొదటి పాఠం: ప్రతి ఉదయం మొదలుపెట్టుట. రెండవ పాఠం: మొదటి పాఠమునకు తిరిగి వెళ్ళుట."

అందరూ రాసుకున్నారు. ఫోన్లో నొక్కితే కొబ్బరిబోండాం ఇంటికి పంపే సంస్థ పెట్టిన ప్రణీత్ అనే కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, బోణీ అయ్యాక రెండో ఆర్డరొస్తే?"

"మంచి ప్రశ్న. రెండవది వచ్చెనంటే ఆరంభదశ ముగిసెనని అర్థం. తొందరపడి ఎదిగిపోకూడదు. వినయపూర్వకంగా తిరస్కరించవలెను."

ఆ రోజు నుంచి ప్రణీత్ రోజుకో బోండాం పంపి, యాప్ ఆపేసి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేవాడు. మండలి నివేదికలో అతని సంస్థ మూతపడే ప్రమాదం పూర్తిగా తొలగిందని రాశారు. రోజూ అదే మూసుకుంటున్నప్పుడు ఇక వేరే మూతపడేదేముంది?

వెళ్ళేముందు పరాంకుశం గారు ఒక్క సందేహం అడిగారు. "మంచి చెయ్యి అన్నారు. మంచిదని ఎట్లు నిర్ధారింతురు?"

"ఏముందండీ, తాయారు చెయ్యి చల్లనిది," అన్నాడు గున్నేశ్వరరావు, బస్సు టైమవుతోందన్న తొందరలో.

చల్లని చెయ్యి అంటే కలిసొచ్చే చెయ్యి అని గూడెంలో ఎవరికైనా తెలుసు. రాజధానిలో దాన్ని పరిశీలించడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం థర్మామీటర్లు కొన్నది. ప్రథమ క్రేత అనే ఉద్యోగానికి, అంటే రోజూ మొదటి బేరం చేసే ఉద్యోగానికి, ప్రకటన పడింది. అర్హత: అరచేయి శరీరం కంటే చల్లగా ఉండాలి. వేడి చేతులవాళ్ళు ఎన్ని డిగ్రీలు పట్టుకొచ్చినా గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. ఐసు ఫ్యాక్టరీవాళ్ళు మూకుమ్మడిగా పాసయ్యారు. చేపలకి ఐసు కొట్టేవాళ్ళకి ప్రథమ శ్రేణి వచ్చింది. తడిపూల బుట్టలోంచి తీసిన చెయ్యి తీసినట్టే చాచిన తాయారుకి జిల్లా మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చింది. ఆమెకి గూడెం, చుట్టుపక్కల ఊళ్ళూ అప్పగించి జీపిచ్చారు. జీపులో ఒక ఐసుపెట్టె కూడా ఇచ్చారు. కొట్టుకీ కొట్టుకీ మధ్య చెయ్యి అందులో పెట్టుకోవాలి, చల్లదనం సడలకుండా.

ఆ తర్వాత గూడెంకి బోర్డులొచ్చాయి. ఆకుపచ్చ రంగు మీద తెల్లటి అక్షరాలు: 'ఆదర్శ నిత్యారంభ సంస్థ.' ఉచితం. సంతకం ఒక్కటే పెట్టాలి.

"ఏం రాసుంది ఆ కాయితంలో?" అంది ఆయన భార్య మాణిక్యాంబ.

"నిబంధనలకు లోబడి అని ఉంది. ఎక్కడైనా ఉండేదేగా. బోర్డు మాత్రం ఊరికే వస్తోంది."

"ఊరికే వచ్చే బోర్డుకి మేకు మాత్రం మనదే కొట్టాలి, గోడ మనదే పగలాలి."

అంత లెక్కతెలిసిన మనిషీ ఊరికే అన్న మాట దగ్గర ఒక్కసారి జారాడు. సంతకం పెట్టాడు. ఆయనకి బోర్డొచ్చిందని చూసి ఓర్వలేక వీధిలో మిగిలిన కొట్లవాళ్ళంతా పైరవీలు చేసుకుని తామూ బోర్డులు తెచ్చుకున్నారు.

బోర్డు వెనకే ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వుతో పాటు ఆరంభ పర్యవేక్షకుడు లింగమూర్తి వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడతలా ఉంటాడు. కొట్టులో ఒక స్టూలు వేయించుకుని, ఉత్తర్వు పైకి చదివాడు.

"విషయము: ఆదర్శ నిత్యారంభ సంస్థలు, ప్రథమ విక్రయము, ధ్రువీకృత చల్లని హస్తము ద్వారా మాత్రమే జరుపుట గురించి. దుకాణము తెరచిన పిమ్మట జరుగు మొదటి విక్రయము ప్రథమ విక్రయము అనబడును. ధ్రువపత్రము లేని హస్తమునకు ప్రథమ విక్రయము జరిపినచో దుకాణమునకు సీలు వేయబడును."

"మరి తాయారు ఎప్పుడొస్తుందండీ?"

"అకారాది క్రమంలో. అద్దేపల్లి వారి నుంచి మొదలు. మీరు మానేపల్లి. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తారు."

మొదటి రెండు రోజులూ మధ్యాహ్నానికే వచ్చింది. మూడో రోజు సాయంత్రమైంది, ఎందుకంటే చుట్టుపక్కల ఊళ్ళలో కూడా బోర్డులు పెరిగాయి. అప్పటికి దాళ్వా, అంటే రెండో పంట, కోతలు మొదలయ్యాయి. పొలాల్లో మిషన్లు తిరుగుతున్నాయి. ధాన్యం రోడ్ల మీద ఆరబోసి ఉంది. రైతులకి సంచులు కావాలి, పురికొస కావాలి, అన్నిటికంటే ముందు బరకాలు కావాలి. గున్నేశ్వరరావు ఈ సీజనుకి ఉన్నదంతా బరకాల మీదే పెట్టాడు. అవి అమ్ముడుపోతే ఏడాది గడుస్తుంది. పోకపోతే ఆ బరకాలే కప్పుకుని పడుకోవాలి.

నాలుగో రోజు ఉదయం మబ్బు పట్టింది.

మొదట వచ్చినాయన కలిదిండి నరసరాజు. బుల్లెట్ దిగుతూనే, "ఏవండి గున్నేశ్వరరావు గారండి, బరకాలు ఓ డజను తియ్యండి. ఆకాశం చూశారా అండి, నల్లగా ఎనుబోతులా ఉందండి," అన్నాడు.

"తీస్తానండి రాజుగారూ. రెండో బేరం మీదే."

"రెండోదేంటండి? కొట్లో నేను తప్ప ఎవడూ లేడు కదండి."

"అదేనండీ. మీరు మొదటివారు కాకూడదు."

నరసరాజు లింగమూర్తి వైపు చూశాడు. లింగమూర్తి ఉత్తర్వు చూపించాడు. రాజుగారు దాన్ని రెండుసార్లు చదివి, స్టూలు పక్కన నిలబడిపోయాడు. ఆయన తర్వాత వచ్చినవాడు రెండో స్థానం ఖాళీ ఉందా అని అడిగాడు. లేదన్నారు. సరే, మూడో స్థానంలో నిలబడ్డాడు. ఆ తర్వాతవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. తొమ్మిదింటికల్లా వీధి చివరిదాకా జనం. అందరి చేతుల్లో డబ్బుంది, అందరి కళ్ళూ ఆకాశం మీదున్నాయి. కొట్టునిండా సరుకుంది. కొట్టుకి మొదలొక్కటే లేదు.

వీధిలో మిగతా కొట్ల ముందూ అంతే. ఊళ్ళో కొనడానికి వచ్చినవాళ్ళంతా రెండోవాళ్ళే.

"పోనీ ఊరికే ఇస్తానండీ," అన్నాడు గున్నేశ్వరరావు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో ఆ వీధిలో వ్యాపారం చేసినవాడికే తెలుస్తుంది. "ఒక్క పురికొస ఉండ రాజుగారికి దానం చేస్తాను. దాంతో మొదలైపోయినట్టు రాసుకోండి."

లింగమూర్తి తల అడ్డంగా ఊపాడు. "దానం విక్రయం కాదు. పైగా ఆరంభంలో దానం చేయడం నాయకత్వ లక్షణం కూడా కాదు. శిక్షణలో చెప్పారు."

నరసరాజుకి ఒళ్ళు మండింది. ఎదురుగా సోడా బండికెళ్ళి ఐసుగడ్డ అడిగి, చేతిలో పట్టుకుని, చెయ్యి నీలంగా మారేదాకా ఉండి వచ్చి లింగమూర్తి మెడ మీద పెట్టాడు. "చల్లగా ఉందా లేదా అండి? చెప్పండి."

లింగమూర్తి ఉలిక్కిపడి, సర్దుకుని, "చల్లగానే ఉంది. కానీ పత్రం లేని చల్లదనం చెల్లదు," అన్నాడు.

వరసలో నవ్వులు పుట్టాయి. నవ్వులు ఎక్కువసేపు లేవు. ఉరిమింది.

"లింగమూర్తి గారూ," అంది మాణిక్యాంబ లోపల్నుంచి, "మీకు పెళ్ళయిందా?"

"అయిందండి."

"మొదటి కాఫీ ఎవరిస్తారు ఇంట్లో? ఆవిడ చెయ్యి ఎప్పుడైనా కొలిచారా?"

ఆ రోజుకి లింగమూర్తి మాణిక్యాంబ ఇచ్చిన కాఫీ ముట్టలేదు.

మధ్యాహ్నానికి వరస పలచబడింది. కొందరు భీమవరం పోయారు. కొందరు ఇంట్లో ఉన్న దుప్పట్లు, చీరలు పట్టుకుని ధాన్యం దగ్గరికి పరిగెత్తారు. నరసరాజు మాత్రం కదల్లేదు. రెండో స్థానం వదులుకోవడానికి మనసొప్పలేదో, ఇంత నిలబడ్డాక కాళ్ళొప్పలేదో ఆయనకే తెలియాలి.

దీపాలు పెట్టేవేళకి జీపొచ్చింది. తాయారు దిగింది. కొత్త చీర, మెళ్ళో గుర్తింపు కార్డు. చెయ్యి ఐసుపెట్టెలోంచి తీసి తువ్వాలులో చుట్టుకుని ఉంది.

"ఇంతాలస్యమేంటి తాయారూ!" అన్నాడు గున్నేశ్వరరావు, గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"ఏం సెయ్యమంటారు బాబుగారూ. బ్యాంకోళ్ళు కూడా బోర్డెట్టేరు. అక్కడ మొదటి డిపాజిట్టు నేనే సెయ్యాలంట. పొద్దున్నించీ ఎన్ని కొట్లు ఎక్కేనో, ఎన్ని దిగేనో! నా సెయ్యి ఇప్పుడు గవర్నమెంటు సెయ్యండి, నా మాట ఇంటం లేదు."

తువ్వాలు విప్పి నాణెం ఇచ్చింది. వేళ్ళు కర్రల్లా ఉన్నాయి. నాణెం జారి కింద పడింది. ఆమె వంగి ఏరుకోబోతే వేళ్ళకి దొరకలేదు. గున్నేశ్వరరావే వంగి తీసి, ఆమె చేతిలో పెట్టి, మళ్ళీ ఆమె చేత ఇప్పించుకున్నాడు.

"మాల కట్టి ఎన్నాళ్ళయిందో," అంది తాయారు దారం ఉండ కేసి చూసుకుంటూ. "ఇయన్నీ జీపులో కుప్పెడుతున్నాను. మా సెల్లెలు కట్టిన మాల దేవుడి మెళ్ళో కూడా నిలవట్లేదంట."

ఆమె వెళ్ళాక నరసరాజుకి డజను బరకాలు ఇచ్చాడు. ఆయన వెనక మిగిలింది నలుగురైదుగురే. చినుకులు మొదలయ్యాయి. నరసరాజు బరకాలు బండికి కట్టుకుంటూ, "మీరు చెడ్డవారు కాదండి గున్నేశ్వరరావు గారండి. కానీ మా నాన్నగారు మీ నాన్నగారి దగ్గర ఎప్పుడూ నిలబడి కొనలేదండి," అని వెళ్ళిపోయాడు.

ఆ మాట తాడు తెగినట్టు తగిలింది. ఈ కొట్టుకి ఎవరైనా తెగిందని తిట్టడానికి వస్తారు, తెగలేదని కొనడానికి వస్తారు. ఇక రానని వెళ్ళిపోయినవాడు తాతగారి కాలం నుంచీ లేడు.

లింగమూర్తి లాడ్జికి పోయాడు. గున్నేశ్వరరావు కొట్టు మూద్దామని కొంకి కర్ర తీసి షట్టరుకి తగిలించాడు. సగం దించాడు. ఆగాడు.

దీన్ని దించితేనే కదా రేపు ఎత్తాలి. ఎత్తితేనే కదా తెరిచినట్టు. తెరిస్తేనే కదా మొదలు.

కర్రతో షట్టరుని మళ్ళీ పైకి నెట్టేశాడు. "మాణిక్యం, కుర్చీ ఒకటి బయట వెయ్యి," అన్నాడు.

తెల్లారి లింగమూర్తి వచ్చేసరికి కొట్టు ముందు బళ్ళు ఆగి ఉన్నాయి. బరకాలు చేతులు మారుతున్నాయి. మాణిక్యాంబ గల్లా దగ్గర కూర్చుని చిల్లర ఇస్తోంది. గున్నేశ్వరరావు నిద్రలేని కళ్ళతో పురికొస కొలుస్తున్నాడు.

"ఆపండి!" అన్నాడు లింగమూర్తి. "ప్రథమ క్రేత రాకుండా అమ్మకమా? బోణీ ఎవరు చేశారు?"

"తాయారేనండి."

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం. మీ ముందే కదండీ."

"అది నిన్నటిది. ఈ రోజుది?"

"ఈ రోజు మేం కొట్టు తెరవలేదండి."

లింగమూర్తి బారుగా తెరిచి ఉన్న కొట్టుని చూశాడు. "ఇది తెరిచి లేదా?"

"తెరిచే ఉందండి. కానీ తెరవలేదు. మూస్తే కదండీ తెరిచేది? మీ కాయితం తియ్యండి. 'తెరచిన పిమ్మట జరుగు మొదటి విక్రయము' అని ఉంది. నిన్న తెరిచిన పిమ్మట తాయారు కొంది. ఆ తర్వాత ఇవన్నీ రెండోవి, మూడోవి, నూరోవి. ఇంకా ఆ తెరవడమే నడుస్తోంది."

లింగమూర్తి ఉత్తర్వు తీసి చదివాడు. తిరగేసి చదివాడు. వెనకవైపు ఏమీ లేదు. స్టూలు మీద కూర్చున్నాడు. "అయితే సాయంత్రం మూస్తారుగా?" అన్నాడు ఆశగా.

ఆ అనుమానం కూడా లేకుండా మధ్యాహ్నం గున్నేశ్వరరావు వెల్డింగు మనిషిని పిలిపించి షట్టరు ఊడదీయించాడు. పాత ఇనుము కింద అమ్మేశాడు. ఆ డబ్బుతో ఒక టార్చిలైటు కొన్నాడు. మూడు రోజుల్లో వీధి వీధంతా షట్టర్లు ఊడాయి. గూడెం మార్కెట్ వీధిలో మొదటి బేరం అనేది లేకుండా పోయింది. కొన్నవాళ్ళంతా అప్పటికే మొదలైన కొట్లో కొన్నారు. బరకాలన్నీ అమ్ముడుపోయాయి. నిద్ర మాత్రం కరువైంది. భార్యాభర్తలు వంతులవారీగా కాపలా కాస్తూ, ఒకరి ముఖం ఒకరు వంతు మారేటప్పుడే చూసుకునేవారు. లాభనష్టాలు బేరీజు వేస్తే, అదీ కొన్ని విషయాల్లో లాభమే అంది మాణిక్యాంబ.

సంగతి తెలిసి పరాంకుశం గారు దిగారు. ముఖం మాడిపోయి ఉంది. "ఆదర్శ సంస్థయై ఉండి ఆరంభమును ఎగవేయుదురా? మండలిని ఏమనుకొనుచున్నారు?"

గున్నేశ్వరరావు కుర్చీ చూపించాడు. లెక్క ముందే వేసుకుని ఉన్నాడు. ఈయనతో వాదిస్తే సీలు పడుతుంది. వాదించకపోతే షట్టరు మళ్ళీ కొనాలి. మూడోదొకటి ఉంది. ఈయనకి కావాల్సిన సరుకు ఈయనకే అమ్మాలి.

"తమరు చెప్పిందే చేశానండి. రోజూ మొదలెట్టే సంస్థకి రోజూ ఆగిపోయే గండం ఉంది కదండీ. అసలు మొదలే లేనిదానికి ఆగడమెక్కడుంటుంది?"

పరాంకుశం గారి ముఖంలో మాడు నెమ్మదిగా పోయి వెలుగొచ్చింది. "ఆద్యంతరహితం," అన్నారు మెల్లగా. "ద్వారం లేని నాయకత్వం. అంకురమా కాదా అను ప్రశ్నకే తావు లేదు. అంకురించినట్లు ఆధారమే ఉండదు!"

"అంతేనండి," అన్నాడు గున్నేశ్వరరావు.

కొత్త ఉత్తర్వు వారంలో వచ్చింది. అంకుర సంస్థలన్నీ తలుపులు తొలగించవలెను. ప్రథమ క్రేతల పదవులు రద్దు చేయడమైనది. మండలి తానే ఆదర్శంగా నిలవాలని తన కార్యాలయం తలుపులు, కిటికీలు, బీరువా తలుపులతో సహా ఊడబీకించింది. మొదటి గాలివానకి నాయకత్వ పాఠాలు రాజధాని వీధుల్లో ఎగిరాయి. మేకలు రెండో పాఠం దాకా తిన్నాయని ప్రత్యక్షసాక్షులు చెప్పారు.

తలుపులు లేని కార్యాలయాల్లోకి కుక్కలు, గేదెలు రాసాగాయి. అడ్డంగా కట్టడానికి తాళ్ళు కావలసి వచ్చాయి. బీరువాలు చుట్టడానికి నవారు, కిటికీలకి వేలాడదీయడానికి గోనెసంచులు కావలసి వచ్చాయి. బోండాల ప్రణీత్ స్వయంగా వచ్చి కొబ్బరితాడు ఒక చుట్ట కొని, "సార్, ఇప్పుడు ఎన్ని ఆర్డర్లయినా తీసుకోవచ్చట," అని సంతోషంగా చెప్పాడు. మండలి నుంచి వచ్చిన ఆర్డరు లారీడు. గున్నేశ్వరరావు దానికి అప్పివ్వలేదు.

ఇంత జరిగినా ఆయనకి గల్లా ముందు కూర్చుంటే ఏదో వెలితి. డబ్బు రాత్రనకా పగలనకా వస్తూనే ఉంది. కళ్ళకద్దుకోవలసిన నాణెం ఏదో తెలియడం లేదు.

ఒక ఉదయం తాయారు వచ్చింది. జీపు లేదు, కార్డు లేదు. చంకన బుట్ట ఉంది. వేళ్ళకి పసుపు నూనె రాసి ఉంది.

"సెయ్యి దారిలోకొత్తంది బాబుగారూ. ఇయ్యాళ ఒక మూర కట్టేను, పరవాలేదు. దారం ఉండ ఒకటియ్యండి." తీసుకుని, నాణెం చాచి, కాస్త మొహమాటంగా అడిగింది. "నేను ఎన్నో బేరం?"

పొద్దెక్కకముందే ఇద్దరు కొనుక్కుపోయారు. ఆ లెక్క గున్నేశ్వరరావుకి తెలుసు, ఆమెకీ తెలుసు.

లోపలికెళ్ళి ఒక కొత్త కొబ్బరితాడు తెచ్చాడు. కొట్టుకి ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి అడ్డంగా కట్టి ముడి వేశాడు. ముడి బాగా పడిందా లేదా అని లాగి చూశాడు. పడింది. తర్వాత తాయారుని అవతల నిలబెట్టి, ముడి విప్పాడు.

స్టూలు మీద కునుకు తీస్తున్న లింగమూర్తికి మెలకువొచ్చింది. అతని పదవి ఏ ఉత్తర్వులోనూ రద్దు కాలేదు, కాబట్టి ఇంకా పర్యవేక్షిస్తూనే ఉన్నాడు.

"ఏమండీ షావుకారు గారూ! ఇప్పుడు మీరు కొట్టు తెరిచారా?"

"లేదండీ," అన్నాడు గున్నేశ్వరరావు. "తాడు చూపిస్తున్నాను. బేరం."

లింగమూర్తి మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. గున్నేశ్వరరావు అటు తిరిగి, తాయారు చేతిలోని నాణెం అందుకుని కళ్ళకద్దుకున్నాడు.